కిడ్నీలు నీటిని ఎలా పొదుపు చేస్తాయి? బరంపురం ల్యాబ్‌లో తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని బరంపురంలో ఒక చిన్న ల్యాబ్‌లో ఇరవై ఆరేళ్ళుగా రక్తం, యూరిన్ పరీక్షలు చేస్తున్నాను. మా దగ్గరికి ఛత్రపురం, గోపాల్‌పూర్, పర్లాకిమిడి, గుణుపురం నుంచి వస్తారు. అటు ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట నుంచీ వస్తారు. సగం మంది ఒడియాలో మొదలుపెట్టి తెలుగులో ముగిస్తారు. రిపోర్టు చేతికిచ్చాక రెండు నిమిషాలు నిలబడి ఏదో ఒకటి అడగకుండా వెళ్ళేవాళ్ళు తక్కువ. మళ్ళీ మళ్ళీ వినే ఆ ప్రశ్నలకి, అక్కడ నిలబడి చెప్పలేనంత వివరంగా ఇక్కడ జవాబులు రాశాను. మందుల సంగతి మీ డాక్టరుగారితోనే మాట్లాడండి. కిడ్నీ లోపల జరిగే పని గురించి మాత్రం నాకు తెలిసినంత చెప్తాను.

కిడ్నీలు రోజుకి 180 లీటర్లు వడకడతాయట. మనం తాగేది రెండు మూడు లీటర్లే కదా?

నిజమే, 180 లీటర్లే. అయితే అది తాగిన నీటి లెక్క కాదు, వడపోత లెక్క. ఒంట్లో రక్తపు నీటి భాగం, అంటే ప్లాస్మా, సుమారు 3 లీటర్లు ఉంటుంది. గుండె పంపే రక్తంలో దాదాపు ఐదో వంతు ఎప్పుడూ కిడ్నీల గుండానే పోతుంటుంది. అలా ఆ 3 లీటర్లే రోజుకి 60 సార్లు జల్లెడ మీదికి వస్తాయి. జల్లెడ దాటిన 180 లీటర్లలో 178 లీటర్లకి పైగా తిరిగి రక్తంలోకే వెళ్ళిపోతాయి. మిగిలిన లీటరు, లీటరున్నర మూత్రంగా బయటికి వస్తుంది.

వెనక్కి తీసుకునే పని ఒక్క గంట ఆగినా ఏడున్నర లీటర్లు పోతాయి. అందుకే నాకు వడపోత కంటే ఈ వెనక్కి తీసుకోవడమే గొప్ప విషయంగా కనిపిస్తుంది. వడకట్టడం జల్లెడ పని, అది రక్తపు ఒత్తిడితో జరిగిపోతుంది. ఎంత నీరు ఉంచుకోవాలి, ఎంత వదలాలి అని లెక్క చూసేది ఆ తర్వాత ఉండే సన్నటి గొట్టాలు.

ఆ నీటిని కిడ్నీ ఎలా వెనక్కి లాక్కుంటుంది?

ముందు వంటింట్లోకి వెళ్దాం. మాగాయకి మామిడికాయ ముక్కలు కోసి, ఉప్పూ పసుపూ పట్టించి జాడీలో పెడితే మూడో రోజుకి ముక్కలు ఊటలో మునిగి ఉంటాయి. ఆ నీరు ఎవరూ పోసింది కాదు. ముక్క బయట ఉప్పు ఎక్కువగా ఉంది కాబట్టి లోపలి నీరు ఉప్పు ఉన్న వైపుకి వచ్చేసింది. బడి పుస్తకాల్లో దీన్ని ద్రవాభిసరణ అంటారు. కిడ్నీ నడిచేది ఈ కిటుకు మీదే. నీటిని నేరుగా తోడే పంపు దాని దగ్గర లేదు. ఉప్పుని తోడి ఒక చోట పోగేస్తుంది, నీరు దానంతట అదే ఉప్పు వెంట పోతుంది.

కిడ్నీని నిలువుగా కోసి చూస్తే బయటి పొర ఒక రంగులో, లోపలి భాగం ఇంకో రంగులో ఉంటాయి. బయటిది వల్కలం, లోపలిది దవ్వ. అరటిదవ్వ అంటామే, అదే మాట. వడపోత జల్లెడలన్నీ వల్కలంలో ఉంటాయి. అక్కడే, జల్లెడ దాటిన వెంటనే ఉండే మొదటి గొట్టంలో మూడింట రెండు వంతుల నీరు, ఉప్పుతో కలిసి రక్తంలోకి తిరిగిపోతుంది. దీనికి పెద్ద లెక్కలేమీ అక్కర్లేదు, ఎండ కాసినా వాన కురిసినా ఒకేలా జరుగుతుంది.

అసలు పొదుపు దవ్వలో ఉంది. రక్తం చిక్కదనం లీటరుకి సుమారు 290 మిల్లీఆస్మోల్స్. ఇది ద్రవంలో ఉప్పు, యూరియా లాంటివి ఎంత కరిగి ఉన్నాయో చెప్పే కొలత. దవ్వ పైభాగంలోనూ అంతే ఉంటుంది. లోతుకి పోయేకొద్దీ పెరుగుతూ, కొన దగ్గర 1200 దాకా వెళ్తుంది. ఒంట్లో ఇంకెక్కడా ఇంత ఉప్పదనం లేదు. మూత్రం తయారయ్యే చివరి గొట్టాలు, వాటినే సంగ్రహణ నాళాలు అంటారు, సరిగ్గా ఈ ఉప్పటి దవ్వ మధ్యనుంచే కిందికి దిగాలి. దిగుతుంటే మామిడి ముక్కలోంచి ఊట వచ్చినట్టు వాటిలోని నీరు బయటికి వచ్చేస్తుంది. ఆ నీటిని పక్కనే ఉన్న రక్తనాళాలు తీసుకుపోతాయి. గొట్టంలో మిగిలింది చిక్కటి మూత్రం.

మరి దవ్వలో అంత ఉప్పు ఎలా పోగవుతుంది?

కొంచెం ఓపిగ్గా చదవండి, ఇందులో ముఖ్యమైన సంగతి ఇదే.

ఒక జల్లెడ, దాని వెనక గొట్టం కలిపి ఒక నెఫ్రాన్. ఒక్కో కిడ్నీలో సుమారు పది లక్షల నెఫ్రాన్లు ఉంటాయి. నెఫ్రాన్ గొట్టం ఒక చోట దవ్వలోకి దిగి, హెయిర్‌పిన్‌లా మలుపు తిరిగి మళ్ళీ పైకి వస్తుంది. మన పుస్తకాల్లో దాన్ని హెన్లీ శిక్యం అంటారు. శిక్యం అంటే ఉట్టి. దిగే గొట్టం నీటిని బయటికి పోనిస్తుంది. ఎక్కే గొట్టంలోని మందపాటి భాగం తీరు దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. దాని గోడలు నీటిని ఒక్క చుక్క కూడా దాటనివ్వవు కానీ, వాటిలోని పంపులు ఉప్పుని బయటికి తోస్తూనే ఉంటాయి.

ఆ పంపు ఒక్క చోట సాధించగలిగే తేడా 200 మాత్రమే. మరి 1200 ఎలా వచ్చింది? పక్కపక్కనే ఉన్న రెండు గొట్టాల్లో ద్రవం ఎదురెదురుగా పారడం వల్ల. ఎక్కే గొట్టం తోసిన ఉప్పు, దిగే గొట్టంలోంచి నీటిని లాగుతుంది. దాంతో దిగే ద్రవం చిక్కబడి మలుపు దగ్గరికి చేరుతుంది. చిక్కబడ్డ ఆ ద్రవమే ఎక్కే గొట్టంలోకి వస్తుంది. పంపు దానికి తన 200 తేడా మళ్ళీ జోడిస్తుంది. మళ్ళీ చిక్కబడుతుంది, మళ్ళీ జోడిస్తుంది. మెట్టు చిన్నదే, మెట్లు చాలా.

ఛత్రపురం దాటాక హుమ్మ దగ్గర ఉప్పు మడులు చూసినవాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఉప్పునీరు తీసుకొచ్చి ఒకే మడిలో పోసి కూర్చోరు. ఒక మడిలో కాస్త చిక్కబడ్డాక పక్క మడిలోకి, అక్కడ ఇంకాస్త చిక్కబడ్డాక ఆ పై మడిలోకి మళ్ళిస్తారు. చివరి మడికి వచ్చేసరికి ఉప్పు పేరుకుంటుంది. కిడ్నీలోనూ ఇలా అంచెలంచెలుగానే ఉప్పదనం పెరుగుతుంది. తేడా ఏమిటంటే, హుమ్మలో ఆ పని ఎండ చేస్తుంది. కిడ్నీలో పంపు చేస్తుంది, దానికి ఆక్సిజన్ కావాలి, శక్తి కావాలి.

ఇంత కష్టపడి పోగేసిన ఉప్పుని రక్తప్రవాహం కడిగేయకుండా ఇంకో ఏర్పాటు ఉంది. దవ్వలోకి వచ్చే రక్తనాళాలు కూడా అలాగే హెయిర్‌పిన్‌లా దిగి ఎక్కుతాయి. రక్తం అక్కడ చాలా తక్కువగా, నెమ్మదిగా పారుతుంది. ఉప్పు నిలబడుతుంది కానీ దవ్వకి ఆక్సిజన్ ఎప్పుడూ అరకొరగానే అందుతుంది. ఈ ముక్క గుర్తుంచుకోండి. కింద నొప్పి మాత్రల దగ్గర, ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే సికిల్ సెల్ జబ్బు దగ్గర మళ్ళీ దీని అవసరం పడుతుంది.

ఇంకో సంగతి. దవ్వ ఉప్పదనంలో దాదాపు సగం నిజానికి ఉప్పు కాదు, యూరియా. మాంసకృత్తులు అరిగాక వచ్చే వ్యర్థం అది. పారేయాల్సినదాన్నే కొంతసేపు దవ్వలో ఉంచుకుని నీటి పొదుపుకి వాడుకుంటుంది కిడ్నీ. అందుకే పప్పు, గుడ్డు, చేప ఏవీ లేకుండా చాలా కాలం ఉత్త గంజి మీద బతికేవాళ్ళ మూత్రం పూర్తిగా చిక్కబడలేదు.

ఇదంతా ఎవరు కనిపెట్టారు?

ఆ హెయిర్‌పిన్ గొట్టాన్ని జర్మన్ శరీర శాస్త్రవేత్త యాకోబ్ హెన్లే 1862లో వర్ణించాడు. అది ఎందుకు అలా వంగి ఉందో తేలడానికి ఇంకో ఎనభై తొంభై ఏళ్ళు పట్టింది. ఎదురెదురు ప్రవాహాల వల్ల చిన్న తేడా పెద్దదవుతుందన్న ఊహ వెర్నర్ కూన్‌ది. ఆయన డాక్టరు కాదు, భౌతిక రసాయన శాస్త్రవేత్త.

1951లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో విర్ట్స్, హర్గిటాయ్, కూన్ చేసిన ప్రయోగం నాకు చాలా ఇష్టం. ఎలుక కిడ్నీని గడ్డకట్టించి, పలచటి ముక్కలు కోసి, నెమ్మదిగా వేడి పెంచుతూ మైక్రోస్కోప్‌లో చూశారు. ఉప్పు ఎక్కువున్న మంచు ముందు కరుగుతుంది. దవ్వ కొన దగ్గరి మంచు అన్నిటికంటే ముందు కరిగింది. తర్వాత దాని పై భాగం, ఆ తర్వాత ఇంకా పైది. ఉప్పదనం లోతుకి పోయేకొద్దీ పెరుగుతుందని కళ్ళారా చూశారు. 1959లో అమెరికాలో గాట్‌షాక్ బృందం వెంట్రుక కంటే సన్నటి గాజు సూదులతో బతికున్న జంతువుల నెఫ్రాన్లలోంచి చుక్కలు తీసి కొలిచి అదే తేల్చింది.

ఒక రోజు మూత్రం నీళ్ళలా, ఇంకో రోజు చిక్కగా వస్తుంది. ఎందుకు?

దవ్వలో ఉప్పు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. తలుపు తీయాలా వద్దా అని చెప్పేది మెదడు. రక్తం ఒక్క శాతం, రెండు శాతం చిక్కబడినా మెదడు అడుగున ఉండే హైపోథలామస్ పసిగట్టి ఏడీహెచ్ అనే హార్మోన్ వదులుతుంది. దాని ఇంకో పేరు వాసోప్రెసిన్. అది సంగ్రహణ నాళానికి చేరగానే, ఆ గోడ కణాల్లో దాచిపెట్టి ఉన్న నీటి దారులు గోడ మీదికి వచ్చి తెరుచుకుంటాయి. నీరు ఉప్పటి దవ్వలోకి పోతుంది, మూత్రం చిక్కబడుతుంది. హార్మోన్ తగ్గగానే ఆ దారులు మళ్ళీ లోపలికి పోతాయి, మూత్రం పలచబడుతుంది.

ఆ నీటి దారుల పేరు ఆక్వాపోరిన్లు. నీరు కణాల గోడ ఎలా దాటుతుందన్న ప్రశ్నకి 1992లో పీటర్ అగ్రే బృందం జవాబిచ్చింది. అది మొదట వాళ్ళ కంటపడినప్పుడు వెతుకుతున్నది నీటి దారి కోసం కాదు, బ్లడ్ గ్రూపు పాజిటివా నెగెటివా అని తేల్చే, ఎర్ర రక్తకణాల్లోని ఆర్‌హెచ్ ప్రోటీన్ కోసం. దానికి అగ్రేకి 2003లో నోబెల్ వచ్చింది.

ఏడీహెచ్ రక్తంలో ఎక్కువసేపు ఉండదు, నిమిషాల్లో కరిగిపోతుంది. అందుకే రెండు చెంబుల నీళ్ళు తాగితే గంటలోపే తేటగా వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీ మూత్రాన్ని 50 దాకా పలచన చేయగలదు, 1200 దాకా చిక్కబరచగలదు. ఇంత అటూ ఇటూ మార్చగలగడమే దాని ఆరోగ్యం. తర్వాతి ప్రశ్నకి జవాబు ఇందులోనే ఉంది.

"మూత్రం బాగానే వస్తోంది, కిడ్నీలు బాగున్నట్టే కదా మాస్టారూ?"

నేను అన్నిటికంటే ఎక్కువసార్లు విన్న ప్రశ్న ఇదే. దయచేసి అలా అనుకోకండి.

కొన్నేళ్ళ కిందట సరిహద్దు అవతలి కొబ్బరి తోటల్లో పనిచేసే ఒకాయన వచ్చారు. యాభై ఏళ్ళు ఉండవు. ఉదయం తొలి మూత్రం సీసా నిండా తెచ్చారు, తేటగా నీళ్ళలా ఉంది. "రాత్రి మూడుసార్లు లేచాను, ధారాళంగా పోతోంది, ఏం ఢోకా లేదు కదా?" అన్నారు.

మా దగ్గర యూరినోమీటర్ అని పాతకాలపు పరికరం ఉంది. అడుగున బరువున్న సన్నటి గాజు గొట్టం అది. పొడవాటి గాజు జాడీలో మూత్రం పోసి, గొట్టాన్ని బొంగరంలా కాస్త తిప్పి వదలాలి. గోడకి తగలకుండా తిరుగుతూ ఆగుతుంది. చిక్కటి మూత్రంలో పైకి తేలుతుంది, పలచటి దాంట్లో లోతుకి దిగుతుంది. కంటిని నీటిమట్టానికి దించి మెడ మీది గీత చదవాలి. గది వేడినిబట్టి లెక్క కూడా సవరించాలి. పరికరం మీద రాసిన ఉష్ణోగ్రత కంటే ఎక్కువైన ప్రతి 3 డిగ్రీలకీ 0.001 కలపాలి, మా ఊరి మే నెలలో ఇది తప్పదు. ఉత్త నీటికి 1.000 వస్తుంది, రాత్రంతా నీళ్ళు తాగని ఆరోగ్యవంతుడికి ఉదయం 1.020 పైన రావాలి. ఆయనకి 1.010 వచ్చింది. మర్నాడు మళ్ళీ తెప్పించాం. మళ్ళీ 1.010. సాయంత్రం నీళ్ళు బాగా తాగాక తీసినదీ 1.010. ప్రోటీన్ దాదాపు లేదు, చక్కెర లేదు. కిడ్నీ బయటికి పంపాల్సిన వ్యర్థం క్రియాటినిన్ రక్తంలో ఎంతుందో చూస్తే 3 దాటి ఉంది, ఉండాల్సినదానికంటే చాలా ఎక్కువ.

1.010 అంటే వడకట్టిన రక్తం చిక్కదనమే. జల్లెడలోంచి ఎలా దిగిందో అలాగే బయటికి వస్తోందన్నమాట. చిక్కబరచడం, పలచన చేయడం రెండూ ఆగిపోయాయి. ధారాళంగా పోవడం బలం కాదు, పట్టు జారిపోవడం.

దీన్ని లెక్కతో చూపిస్తాను. మనం తిన్నదాన్నిబట్టి రోజుకి సుమారు 600 మిల్లీఆస్మోల్స్ వ్యర్థాలు బయటికి పోవాలి. మూత్రాన్ని లీటరుకి 1200 దాకా చిక్కబరచగల కిడ్నీకి దానికి అర లీటరు నీరు చాలు. 300 దగ్గరే ఆగిపోయిన కిడ్నీకి అదే పనికి 2 లీటర్లు కావాలి. ఆ నీటికి రాత్రీ పగలూ తేడా ఉండదు. అందుకే నిద్రలో లేవాల్సి వస్తుంది.

ఉద్దానం వైపు కనిపించే కిడ్నీ జబ్బులో ఇది మరీ ముఖ్యం. అక్కడ ఎక్కువగా ముందు దెబ్బతినేది జల్లెడలు కాదు, గొట్టాలూ వాటి చుట్టూ ఉండే కణజాలమూ. అందుకే మొదట్లో ఒళ్ళు వాపు ఉండదు, యూరిన్‌లో ప్రోటీన్ పెద్దగా పడదు, బీపీ కూడా మామూలుగానే ఉండొచ్చు. క్రియాటినిన్ పెరిగి కనిపించేసరికి సగం పని పోయి ఉంటుంది. దానికి కారణం మీద పరిశోధనలు ఇంకా సాగుతున్నాయి, ఫలానాదే అని ఇంకా తేలలేదు. కానీ రాత్రిళ్ళు లేవడం కొత్తగా మొదలైందని గమనించుకోవడానికి కారణం తేలేదాకా ఆగక్కర్లేదు.

రాత్రి లేచే ప్రతివాళ్ళకీ ఇదే అనుకుని టెన్షన్ పడకండి. షుగర్ ఉన్నా, మగవాళ్ళకి ప్రోస్టేట్ పెరిగినా, కాళ్ళ వాపున్నా, పడుకునే ముందు టీ తాగినా లేవాల్సి వస్తుంది. తొలి మూత్రం చిక్కదనం, క్రియాటినిన్, షుగర్ మూడూ చూపించుకుంటే చాలా వరకు తేలిపోతుంది.

రంగు చూసి చెప్పొచ్చా?

కొంతవరకు. లేత పసుపు మంచిది. ముదురు పసుపు అంటే నీరు తక్కువై కిడ్నీ పొదుపు చేస్తోందని. బీ కాంప్లెక్స్ మాత్ర వేసుకుంటే మెరిసే పసుపు రంగులో, టీబీ మందు రిఫాంపిసిన్ వాడితే నారింజ రంగులో వస్తుంది, కంగారు వద్దు. ఎరుపు, కోలా రంగు, వదలని నురగ కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా చూపించుకోండి.

వేటకి వెళ్ళినప్పుడు తాగే నీళ్ళు అయిపోతే సముద్రపు నీళ్ళు తాగకూడదంటారు. కిడ్నీ ఉప్పుని బయటికి పంపేస్తుంది కదా?

గోపాల్‌పూర్, ఆర్జిపల్లి తీరాల్లో నోలియాలని పిలిచే మన తెలుగు జాలరులు అడిగే ప్రశ్న ఇది. పెద్దలు చెప్పిన మాట సరైనదే.

లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. దాన్ని 1200 మిల్లీఆస్మోల్స్ అనుకోండి. దానికి తోడు యూరియా లాంటి మామూలు వ్యర్థాలు 600 ఎలాగూ పోవాలి. మొత్తం 1800. మన కిడ్నీ లీటరుకి 1200 కంటే చిక్కబరచలేదు. అంటే లీటరున్నర మూత్రం పోవాలి. తాగింది లీటరు, పోయింది లీటరున్నర. తాగిన కొద్దీ ఒళ్ళు ఎండిపోతుంది.

తీరం దగ్గర చేపల బుట్టల చుట్టూ తిరిగే పిల్లులు మనకంటే ఈ విషయంలో గట్టివి. పిల్లి మూత్రం 3000 దాకా చిక్కబడుతుంది. చేపలోని నీటితోనే చాలా వరకు గడిపేస్తుంది. మనిషి కిడ్నీ అలాంటిది కాదు, తెప్పలో మంచినీళ్ళు ఒక డబ్బా ఎక్కువే పెట్టుకోండి.

ఎండాకాలంలో రోజుకి ఎన్ని గ్లాసులు తాగాలి?

అందరికీ ఒకే లెక్క లేదు. ఇటుక బట్టీలో పనిచేసేవాడికి గంటకి లీటరు చెమట పోవచ్చు. ఫ్యాన్ కింద కూర్చున్నవాడికి అందులో పదో వంతు కూడా పోదు. నేను చెప్పే కొలత ఒక్కటే: పగటిపూట మూత్రం లేత పసుపులో, నాలుగైదు గంటలకోసారైనా వస్తుండాలి. ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా ఒంటికి వెళ్ళలేదంటే తక్కువ తాగినట్టే.

కిడ్నీ ఉన్న నీటిని కాపాడగలదే కానీ పోయిన నీటిని తెచ్చిపెట్టలేదు. ఎంత పొదుపు చేసినా రోజుకి అర లీటరు మూత్రం పోవాల్సిందే. ఊపిరిలోనూ చర్మం మీంచీ తెలియకుండా పోయేది ఇంకో ముప్పావు లీటరు ఉంటుంది.

చెమటతో ఉప్పు కూడా పోతుంది కాబట్టి పొలం నుంచి వచ్చినవాళ్ళకి చద్దన్నం, తరవాణి, ఒడియా ఇళ్ళలో పఖాళ, కొండల్లో చోడి అంబలి చాలా మంచివి. నీరు, కాస్త ఉప్పు, కాస్త పిండిపదార్థం ఒకేసారి అందుతాయి. పేగులో చక్కెర, ఉప్పు కలిసి లోపలికి పోతూ నీటిని వెంట తీసుకెళ్తాయి. ఓఆర్‌ఎస్ పనిచేసేదీ ఇలాగే. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో శరణార్థి శిబిరాల్లో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ద్రవాన్ని డ్రమ్ముల్లో కలిపి ఇప్పించి కలరా నుంచి ఎందరినో కాపాడారు. లీటరు ప్యాకెట్‌ని సరిగ్గా లీటరు నీళ్ళలోనే కలపండి. సగం గ్లాసులో చిక్కగా కలిపితే మాగాయ ఊట లాగే పేగులోకి ఎదురు నీరు లాగుతుంది.

కిడ్నీ జబ్బు, గుండె జబ్బు ఉన్నవాళ్ళూ డయాలసిస్‌లో ఉన్నవాళ్ళూ ఈ లెక్కలేవీ పట్టించుకోకండి. మీకు డాక్టరు చెప్పిన కొలతే కొలత. కొబ్బరినీళ్ళు చలవ అని తాగించే బంధువులకి కూడా చెప్పండి. అందులో పొటాషియం ఎక్కువ, పాడైన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు, గుండెకి ప్రమాదం.

నీళ్ళు ఎక్కువ తాగితే కిడ్నీ కడిగినట్టు శుభ్రమవుతుందా?

కాదు. కిడ్నీ గంటకి సుమారు లీటరు నీటినే బయటికి పంపగలదు. పందెం కట్టి అంతకు మించి గటగటా తాగితే రక్తంలో సోడియం పడిపోయి మూర్ఛ రావొచ్చు.

జీలుగు కల్లు చలవ చేస్తుందంటారు. మూత్రం కూడా బాగా వస్తుంది కదా?

మద్యం ఏదైనా మెదడు వదిలే ఏడీహెచ్‌ని అణిచేస్తుంది. తలుపులు మూసుకుపోయి నీరు వృథాగా పోతుంది. మర్నాటి తలనొప్పిలో, నాలుక ఎండిపోవడంలో దాని వాటా ఉంది. ఎండలో పనిచేసి దాహానికి కల్లు తాగడం మంచిది కాదు.

చంటిపిల్లలకి ఎండాకాలంలో నీళ్ళు పట్టొచ్చా?

ఆరు నెలల దాకా తల్లిపాలే చాలు, మే నెల ఎండలోనైనా. పాలలోనే కావలసినంత నీరు ఉంటుంది. అప్పుడే పుట్టిన బిడ్డ కిడ్నీ 600, 700 కంటే చిక్కబరచలేదు. దవ్వ ఇంకా పొడవుగా ఎదగలేదు, యూరియా కూడా తక్కువ. ఏడాది నిండేసరికి పెద్దల స్థాయికి దగ్గరవుతుంది. అందుకే పసివాళ్ళకి విరేచనాలు పట్టుకుంటే పెద్దవాళ్ళ కంటే చాలా త్వరగా సోలిపోతారు. గంటల తరబడి డైపర్ తడవకపోయినా, ఏడిస్తే కన్నీళ్ళు రాకపోయినా ఆస్పత్రికి తీసుకెళ్ళండి, తెల్లారేదాకా చూడొద్దు.

ముసలివాళ్ళకి ఇంకో ఇబ్బంది. చిక్కబరచే శక్తి తగ్గుతుంది, దాహం కూడా మొద్దుబారుతుంది. అమ్మని, అత్తగారిని "దాహం వేస్తోందా" అని అడగొద్దు. గ్లాసు చేతికివ్వండి.

మా బాబుకి సికిల్ సెల్ ఉంది. పదేళ్ళొచ్చినా పక్క తడుపుతున్నాడు. భయం చెప్పాలా?

వద్దమ్మా, కొట్టొద్దు, తిట్టొద్దు. వాడి తప్పేమీ లేదు. రాయగడ, కోరాపుట్, గజపతి జిల్లాల నుంచి వచ్చే ఇలాంటి పిల్లల్ని చాలామందిని చూశాను. దవ్వలో ఆక్సిజన్ తక్కువ, ఉప్పదనం ఎక్కువ అని పైన చెప్పాను కదా. సికిల్ రక్తకణం కొడవలిలా వంగిపోవడానికి సరిగ్గా అలాంటి చోటే అనువైనది. వంగిన కణాలు అక్కడి సన్న నాళాల్ని మూసేస్తాయి, దవ్వ కొన మెల్లగా పాడవుతుంది. దాంతో మూత్రం చిక్కబడదు. రాత్రి ఎక్కువ మూత్రం తయారవుతుంది, పిల్లవాడికి మెలకువ రాదు.

వీళ్ళకి నీరు ఆపడం ఇంకా ప్రమాదం. ఒళ్ళు ఎండితే నొప్పుల పోటు వస్తుంది. పగలు ఎక్కువగా తాగించి, రాత్రి ఒకసారి లేపి ఒంటికి తీసుకెళ్ళండి. ఒక్క జన్యువు మాత్రమే ఉన్న క్యారియర్లకి కూడా చిక్కబరచే శక్తి కొంత తగ్గుతుంది. 2023 జూలైలో కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. దాని కింద పరీక్షలు జరుగుతున్నాయి, ఇంట్లో అందరూ చేయించుకోండి.

పని అయ్యాక ఒళ్ళునొప్పులకి మాత్ర వేసుకుంటే కిడ్నీ పాడవుతుందా?

డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి మాత్రల సంగతి అడుగుతున్నారు కదా. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీ తన రక్తనాళాల్ని ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలతో తెరిచి ఉంచుకుంటుంది. ఈ మాత్రలు నొప్పిని తగ్గించేది ఆ పదార్థాల్ని ఆపడం ద్వారానే. అసలే ఆక్సిజన్ అరకొరగా ఉన్న దవ్వకి ఆ కాస్త రక్తం కూడా తగ్గిపోతుంది. రోజంతా చెమటోడ్చి, నీళ్ళు సరిగ్గా తాగకుండా, సాయంత్రం మందుల షాపులో చీటీ లేకుండా కొన్న మాత్ర వేసుకోవడం, అదీ రోజూ వేసుకోవడం, నన్ను నిజంగా భయపెట్టే అలవాటు. తప్పనిసరైతే డాక్టరుని అడిగి, ముందు నీళ్ళు తాగి వేసుకోండి.

నీటి మాత్ర అంటారే, లాసిక్స్, అది ఏం చేస్తుంది?

హెన్లీ శిక్యంలో ఎక్కే గొట్టం పంపుని ఆపేస్తుంది. దవ్వలో ఉప్పు పోగవదు, నీరు వెనక్కి రాదు, మూత్రం ధారగా పోతుంది. వాపులకి మంచి మందు. సొంతంగా మొదలుపెట్టేదీ కాదు, మానేసేదీ కాదు.

కిడ్నీలో రాళ్ళకీ దీనికీ సంబంధం ఉందా?

ఉంది. మూత్రం చిక్కబడితే కాల్షియం, ఆక్సలేట్ లాంటివి కలిసి గడ్డకడతాయి. ఒకసారి రాయి వచ్చినవాళ్ళు రోజుకి రెండున్నర లీటర్ల దాకా మూత్రం వచ్చేలా తాగాలని డాక్టర్లు చెప్తారు. మూత్రమే అంత రావాలి, తాగే నీరు అంతకంటే ఎక్కువ ఉండాలి.

తొలి మూత్రం శాంపిల్ ఎలా తేవాలి?

రాత్రి భోజనం మామూలుగా చేయండి, పడుకునేటప్పుడు చెంబుడు నీళ్ళు తాగకండి. షుగర్, కిడ్నీ జబ్బు, సికిల్ సెల్ ఉన్నవాళ్ళు మాత్రం దాహాన్ని ఆపుకోవద్దు. ఉదయం లేచాక మొదటి ధార కొంచెం వదిలేసి, మధ్యలోది పట్టండి. ల్యాబ్ ఇచ్చిన డబ్బాలోనే పట్టండి. కూల్‌డ్రింక్ సీసాలో తెస్తే అడుగున మిగిలిన చక్కెర వల్ల షుగర్ ఉన్నట్టు వస్తుంది, చిక్కదనం లెక్కా తప్పుతుంది. గంటలోపు తెచ్చివ్వండి. పర్లాకిమిడి, గుణుపురం లాంటి దూరం నుంచి వచ్చేవాళ్ళు ఇంటి దగ్గర పట్టి ఎండలో బస్సులో తీసుకురావద్దు. మీ ఊళ్ళోనే దగ్గరి ల్యాబ్‌లో ఇవ్వండి. లేదా ముందు రోజు సాయంత్రమే వచ్చి బరంపురంలో చుట్టాలింట్లో ఉండి తెల్లారగానే తెచ్చివ్వండి. రాత్రి ఎన్నిసార్లు లేచారో ఒక కాగితం మీద రాసుకుని రండి, డాక్టరుగారు అడిగే మొదటి ప్రశ్న అదే.